మాటలకి ఎంత చోటు

ఆసుపత్రిలో రోగులకి మాటలు నేర్పే టీచరమ్మ చెప్పింది నాలుగు ముక్కలే గానీ, అవి విన్న దగ్గర్నుంచీ మిషనత్త చేతిలో కత్తెర నిలవడం లేదు. వీధి చివర ఒక గదిలో కుట్టుమిషను పెట్టుకుని, పిల్లల గౌన్లూ పెద్దవాళ్ళ పంట్లాములూ బాగుచేసి ఇస్తుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మిషనత్తే. ఆవిడ మొగుడు కూరగాయల మండీలో వేలం పాట పాడేవాడు. సరుకు దిగగానే బల్లెక్కి నిలబడి, టమాటా బుట్టలకీ క్యాబేజీ మూటలకీ ధర ఎత్తుకుని, "ఇంకెవరు, ఇంకెవరు" అంటూ కొనేవాళ్ళ చేతులు పైకి లేపించేవాడు. అలాంటి గొంతు కొన్ని నెలలుగా బొంగురుపోయి, తడిగుడ్డ చింపినట్టు వస్తోంది. లోపల పుండు పెరిగిందనీ, గొంతులో మాట పుట్టే చోటు మొత్తంగా తీసేస్తే తప్ప మనిషి దక్కడనీ పెద్ద డాక్టరు తేల్చేశాడు.

"ఆపరేషనుకి ఇంకా వారం పైన ఉంది కదమ్మా. ఈలోగా ఒక ట్యాబ్ కొనండి" అంది టీచరమ్మ, తన బల్ల మీదున్న దాన్ని చూపిస్తూ. అద్దం పలకలా ఉంది అది. "ఆయన మాటలు ఆయన చేతే పలికించి ఇందులో ఎక్కించేద్దాం. తర్వాత నీళ్ళ బొమ్మ మీద వేలు పెడితే, నీళ్ళు కావాలని ఆయన గొంతే అడుగుతుంది."

"ఫోనులో ఎక్కదా?" అంది మిషనత్త.

"ఎక్కుతుంది. బొమ్మలు మరీ చిన్నగా ఉంటాయి. ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు వేలు కుదురుగా నిలవదు. ఏదైనా సరే, ఆలస్యం మాత్రం చెయ్యకండి. బొంగురైనా ఉన్న గొంతే మేలు."

ఆయన ఆ గదిలో ఉన్నంతసేపూ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు, ఇదంతా ఎవరో పక్కింటాయన సంగతైనట్టు. బస్సెక్కాక అన్నాడు, "ఒక పలకా బలపం కొంటే పోయేదానికి ఇంత హడావిడి ఎందుకే."

"పలక మాట్లాడుతుందా?"

"నేను మాత్రం ఇప్పుడేం మాట్లాడుతున్నా."

అది అనడానికే ఆయన రెండుసార్లు ఆగి గుటక వేశాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ పక్కింటి పెళ్ళికూతురి గౌనుకి కింద మడత పెట్టడం సగంలో ఆపేసి, దాచుకున్న డబ్బు చేతిసంచిలో వేసుకుని ఫోన్లమ్మే కొట్టుకి వెళ్ళింది.

కొట్టు నిండా వెలుగు. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి గోళ్ళకి రంగు వేసుకుని, ఆ గోళ్ళతోనే అద్దాల మీద టకటకా నొక్కుతూ చూపించింది. ఒకే ఎత్తు, ఒకే వెడల్పు ఉన్న ట్యాబ్‌లు మూడు తీసి వరసగా పెట్టింది.

"స్టోరేజీ ఎంత కావాలి ఆంటీ?"

"అంటే?"

"లోపల చోటు. ముప్పై రెండుంది, అరవై నాలుగుంది, నూట ఇరవై ఎనిమిదుంది."

"పైకి మూడూ ఒకే కొలతున్నాయి కదమ్మా. మరి ఆ నూట ఇరవై ఎనిమిది ఏమిటి, అంగుళాలా?"

అమ్మాయికి నవ్వాగలేదు. నవ్వు అయ్యేదాకా మిషనత్త ఓపిగ్గా నిలబడింది. తర్వాత అడిగింది, "ఒక మనిషి మాటలకి ఎంత పడుతుంది?"

"ఏ మనిషికి?"

"మా ఆయనకి."

"మాటలెంత చోటు తింటాయి ఆంటీ. సినిమాలు, వీడియోలు, ఆటలు, అవీ తినేవి. మాటలకైతే ఈ చిన్నదే బోలెడు. కాకపోతే ఇందులో సగం దాని సొంత సామానుకే పోతుందనుకోండి."

"సగం దానికే పోతుందా?"

"అది నడవాలి కదా మరి. చాలకపోతే ఇదిగో, ఈ పక్కన కార్డు పెట్టుకుంటే చోటు పెరుగుతుంది."

కార్డు అంటే అతుకు అన్నమాట, అనుకుంది మిషనత్త. ఆవిడకి అతుకు గిట్టదు. చంకల కింద అతుకు వేసిన చొక్కా ఎంత బాగా కుట్టినా, వేసుకున్నవాడు చెయ్యెత్తగానే చెప్పేస్తుంది. ఉన్న గుడ్డలో సగం మడతలకీ కుట్లకీ పోతే, తడిపాక మరికాస్త ముడుచుకుపోతే, మిగిలిన దాంట్లో ఒక నిండు మనిషి ఎలా పడతాడు. ఇన్నేళ్ళుగా బజారంతా వినపడ్డ మనిషి. పెద్దది తీసుకుందామంటే, అందులో ముప్పాతిక ఖాళీగా మిగిలితే, ఆ డబ్బు ఆపరేషనయ్యాక మందులకి అక్కరపడుతుందే. అటు చూసి ఇటు చూసి, ఆ చిన్నదాని మీద ఒకసారి అరచేయి ఆనించి తీసేసింది.

"కొలత తీసుకుని వస్తానమ్మా" అని చెప్పి బయటికి వచ్చేసింది. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మిషనత్తకి మాత్రం అంతకంటే తిన్నని మాట తోచలేదు. కొలత లేకుండా ఆవిడ ఎప్పుడూ గుడ్డ కొనలేదు.

అలా కొలత మొదలుపెట్టింది. సూదుల దిండు పక్కన గుండుసూదుల డబ్బా పెట్టుకుని, మొగుడు కొత్తగా ఒక మాట అన్నప్పుడల్లా డబ్బాలోంచి ఒక సూది తీసి దిండుకి గుచ్చేది. "నీళ్ళు" అన్నాడు, ఒక సూది. "ఫ్యాను తగ్గించు" అన్నాడు, ఇంకోటి. "ఎవరే వచ్చింది?" "సరేలే." "నువ్వు తిన్నావా?" పొద్దు గూకేసరికి దిండు మీద చారెడు సూదులు కూడా లేవు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఏమంటాడో ఎప్పుడూ పట్టించుకోలేదు గానీ, ఇంత తక్కువంటాడని ఆవిడ అనుకోలేదు. ఇది సరైన కొలత కాదేమో. జబ్బుపడి చిక్కిన ఒంటికి కొలతలు తీసి కుడితే, కోలుకున్నాక ఆ చొక్కా పట్టదు కదా.

అందుకని మాట్లాడించడానికి చూసింది. మండీ కబుర్లు అడిగింది. కొత్తగా కాపురానికొచ్చినప్పటి గొడవలు తవ్వింది.

"ఏంటే ఇవాళ, పోలీసోళ్ళలా అడుగుతున్నావు?" అన్నాడాయన.

ఒక సూది గుచ్చింది.

"ఆ గుచ్చడమేంటి?"

"ఏం లేదులే, దిండు వదులైందేమోనని."

ఆయన నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు. ఆవిడ వీపు రాసింది. దగ్గుకి సూది గుచ్చాలా అక్కర్లేదా అన్న ఆలోచన వచ్చి, తనకే సిగ్గేసింది.

సాయంత్రం ఆవిడ తమ్ముడు వచ్చాడు. కరెంటు పనులు చేస్తాడు, నోరు మూతపడదు. సంగతంతా విని తన ఫోను తీసి అక్క ముఖం ముందు ఊపాడు. "నూట ఇరవై ఎనిమిదికి తగ్గొద్దక్కా. ఇది చూడు, చిన్నది కొని చచ్చాను. నిండిపోయింది."

"దేంతో నిండిందిరా?"

"జనం పంపే గుడ్ మార్నింగులతో."

"వాడి బుర్రకంటే ఫోనే నయమే. అందులో ఏదో ఒకటి నిండింది" అన్నాడు బావ మంచం మీద నుంచి, ఒక్కో మాటనీ పైకి లాక్కొస్తూ.

"అనండి బావా, అనండి. అసలు ట్యాబ్ వచ్చేదాకా ఆగడమెందుకు? ఇందులోనే ఎక్కించి తర్వాత దాంట్లోకి మార్చేద్దాం. ఊఁ, అనండి ఏదైనా" అని తమ్ముడు ఫోను ఆయన మూతి దగ్గర పెట్టాడు.

ఆయన ఆ ఫోను వంక చూశాడు. మండీలో వందమంది ముందు ఎప్పుడూ తడబడని మనిషి, ఆ చిన్న ఎర్ర చుక్క ముందు పెదాలు తడుపుకున్నాడు. "ఏమనాలి?" అన్నాడు. ఇంకో మాట అనేలోపే ఫోను కిర్రుమంది. లోపల చోటు చాలదనీ, ఏవైనా తీసెయ్యమనీ రాసొచ్చింది. తమ్ముడు గుడ్ మార్నింగులు తీసెయ్యడానికి కూర్చున్నాడు. పువ్వులు, పిల్లులు, సూర్యుడు, ఒక్కొక్కటే తీస్తుంటే ఎవరో పని మీద పిలిచారు. "రేపొచ్చి చేస్తా" అని వెళ్ళిపోయాడు. మర్నాడు వేరే ఊళ్ళో పని తగిలింది వాడికి.

ఆ మర్నాడే ఆయన ఒక రంగు కాగితం తెచ్చి ఆవిడ మిషను మీద పెట్టాడు. ఆ కొట్టువాళ్ళు వీధిలో పంచిన కాగితం అది. "శనివారం నుంచి తగ్గింపట. ఆగు, ధర దిగుతుంది. మొదటి మాటకే సరుకెత్తేవాడు వెర్రోడు."

ధరల సంగతి ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు. ఆవిడ సరేనంది. నిజం చెప్పాలంటే గుండె కాస్త తేలికపడింది కూడా. చిన్నదా పెద్దదా అన్నది ఇంకా తెగలేదు మరి. కొలత చూసుకోవడానికి ఇంకాస్త వ్యవధి దొరికింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆయన మిషను పక్కన పీట మీద కూర్చుని, కుట్టైన బట్టలకి వేలాడే దారపు పోగులు కత్తిరిస్తున్నాడు. పని లేకుండా ఉండలేక తనే పెట్టుకున్న పని. ఒక కోటు ఒళ్ళో వేసుకుని, ఊడిన బొత్తాం వెలుతురుకి పట్టి చూసి, "ఇది నల్లదా, నీలమా?" అన్నాడు.

ఆవిడ నోట్లో గుండుసూదులున్నాయి. పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి గుచ్చుతోంది. చెబుదాంలే అనుకుంది. ఆఖరి సూది గుచ్చి తలెత్తేసరికి ఆయన గొంతులో ఈల వేసినట్టు చప్పుడవుతోంది. నోరు తెరిచి ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ముఖం చూస్తుండగానే నల్లబడింది.

ఆ తర్వాత జరిగిందంతా వీధి చేసింది. ఎవరో బండి తెచ్చారు, ఎవరో ఆయన్ని ఎత్తారు, ఎవరో ఇంటికి తాళం వేశారు. ఆసుపత్రిలో తలుపు మూసుకుంది. తెరుచుకున్నప్పుడు ఆయన మెడకి చిల్లు పెట్టి గొట్టం అమర్చి ఉంది. ఊపిరి అందులోంచి పోతూ వస్తోంది. లోపల ఉన్నట్టుండి వాచిపోయిందట, అనుకున్న రోజుదాకా ఆగితే లాభం లేదట. మర్నాడే తీసుకెళ్ళి, తీసెయ్యాల్సింది తీసేశారు.

నడవాలో మాటల టీచరమ్మ ఎదురుపడింది. "ట్యాబ్ కొన్నారా?" అని అడిగింది.

"ఇవాళ కొందామనుకున్నాం" అంది మిషనత్త. అది శనివారం.

టీచరమ్మ చేతిలో కాగితాలు చంకలో పెట్టుకుని, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ నడవాలో బల్ల మీద కూర్చున్న రోజుల్లో మిషనత్తకి ఒకటే బాధ. ఆయన ఆఖరున అడిగిన దానికి తను జవాబు చెప్పలేదు. బొత్తాం నీలం. అచ్చంగా నీలం కూడా కాదు, నల్లటి నీలం. ఆ ఒక్క ముక్క చెప్పడానికి సూదులు చేతిలోకి ఉమ్మేసి ఉంటే ఏం పోయేది. ఆయన "సరేలే" అనుండేవాడు. ఆఖరు మాట "సరేలే" అయ్యుండేది. ఇప్పుడది ప్రశ్నగా మిగిలిపోయింది.

ఆయన ఇంటికి వస్తాడనగా ముందురోజు కొట్టుకి వెళ్ళింది. అదే అమ్మాయి, గోళ్ళ రంగు మారింది. "పెద్దది ఇవ్వమ్మా" అంది మిషనత్త. ధర అడగలేదు. తగ్గింపు ఉందో లేదో చూడలేదు.

"కొలత తీసుకున్నారా ఆంటీ?" అంది అమ్మాయి, సరదాగానే.

"తీసుకున్నానమ్మా."

పెద్దది ఎందుకు కొన్నదంటే, దాంట్లో పెట్టడానికి ఆవిడ ఒకటి ఆలోచించుకుంది. మండీలో అందరి దగ్గరా ఫోనులున్నాయి. ఆయన పాట పాడుతుంటే ముచ్చటపడి తీసుకున్నవాళ్ళు బోలెడుమంది. ఆ వీడియోలన్నీ ఏరుకొస్తే అందులో ఆయన గొంతుంటుంది. వీడియోలు చోటు తింటాయని ఆ అమ్మాయే చెప్పింది కదా. మిగిలిన గుడ్డముక్కలతో ట్యాబ్‌కి ఒక గలీబు కుట్టి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మండీకి వెళ్ళింది.

వీధి మలుపు తిరగకముందే ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. "రండి రండి, తాజా సరుకు, ఆకుమీద మంచు ఆరలేదు, రండి రండి." ఆయన గొంతు. జబ్బు రాకముందు గొంతు, నిండుగా, గలగలలాడుతూ, రేకుల కప్పు మీద కట్టిన మైకులోంచి వస్తోంది. అయిపోయి మళ్ళీ మొదలైంది. మళ్ళీ అదే.

"ఇదేంటి బాబూ?" అని అడిగింది సరుకు అమ్మించే ఏజెంటుని. అతను గద్దె మీద కూర్చుని క్యారెట్టు కొరుకుతున్నాడు. ఆసుపత్రికి ఒక్కసారి కూడా రాలేదు.

"ఏం చెయ్యమంటావమ్మా. ఆయన గొంతు వినపడకపోతే కొనేవాళ్ళకి బేరం మొదలైనట్టే అనిపించట్లేదు. పిలుపు వరకూ ఆయనది పెట్టుకున్నాం. ధరలు మా మేనల్లుడు చెబుతున్నాడు."

"ఆయన్ని అడిగారా?"

"అడిగేదేముంది, మనాయనే కదా." అతను అది మర్యాదగానే అన్నాడు. "నీక్కూడా కావాలా? ఎంత కావాలంటే అంత తీసుకో."

తీసుకోవడానికి వచ్చిన మనిషి ఏమని పోట్లాడుతుంది. మోతకూలీలు, కొనేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ్ముడి చేతిలో ఉన్న ట్యాబ్‌కి వీడియోలు పంపుతుంటే, ఆవిడ ఉల్లిపాయ బస్తా మీద కూర్చుని నేల చూసింది. అన్నీ ఎక్కాక తమ్ముడు అన్నాడు, "ఇంకా ఎంత ఖాళీ ఉందో అక్కా. ఒక మూల కూడా నిండలేదు."

*

ఇంట్లో ఆయన దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మెడ ముందు చిల్లు మీద పల్చటి గుడ్డ వేలాడుతోంది. పక్కన తమ్ముడు కొనిచ్చిన పలక. ఆవిడ ట్యాబ్ గలీబులోంచి తీసి ఒళ్ళో పెట్టి, తమ్ముడు చూపించిన చోట నొక్కింది. గది నిండిపోయింది ఆ పిలుపుతో. వీధిలో పోయే ఎవరో ఆగి లోపలికి తొంగిచూశారు కూడా, ఆయన బాగుపడ్డాడేమోనని.

ఆయన ఒకటి విన్నాడు. రెండోది సగం విన్నాడు. తర్వాత చెయ్యి దాని మీద పెట్టి, పాలగిన్నె మీద మూత పెట్టినంత నెమ్మదిగా, బోర్లా తిప్పాడు. పలక తీసుకుని రాశాడు.

"ఇది మండీ గొంతు. ఇంట్లో వద్దు."

"మరి ఇంటి గొంతు నేనెక్కడ తేనయ్యా?" అంది మిషనత్త. ఆసుపత్రిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. "నేనే పోగొట్టాను. ఆ రోజు కొట్టుదాకా వెళ్ళి, సంచిలో డబ్బు పెట్టుకుని, చిన్నదా పెద్దదా అంటూ వెనక్కొచ్చాను. నీ మాటలకి సూదులు గుచ్చుకుంటూ కూర్చున్నాను. నాలుగు సూదుల మాటలు, ఎందులోనైనా పట్టేవి. కొని పారేసి ఉంటే ఈపాటికి..."

ఆయన పలక మీద చెయ్యి చరిచి ఆపాడు. తుడిచి రాశాడు. రాసి, కాసేపు తన వైపే పెట్టుకుని, తర్వాత తిప్పాడు.

"ధర దిగదని నాకు తెలుసు."

ఆవిడ రెండుసార్లు చదివింది. "తెలిసే ఆగమన్నావా?"

తలూపాడు.

"ఎందుకూ?"

బలపం పలక మీద పెట్టి తీశాడు. మళ్ళీ పెట్టాడు. వేలం వేసేవాడికి ఏ సరుకు ధర ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆ కాగితం చూడగానే తెలిసే ఉంటుంది. రాసింది చిన్నదే. "ఎక్కించేస్తే గొంతు పోయినట్టేగా అనిపించింది."

మిషనత్త లేచింది. కళ్ళు తుడుచుకోలేదు. వెళ్ళి మిషను ముందు కూర్చుని, సూది కింద గుడ్డ లేకుండానే తొక్కడం మొదలుపెట్టింది. దారం ఒట్టి గాలిని కుడుతూ ఉండలు చుట్టుకుంది. ఆయన మీద కోపమొచ్చింది. చాలా కోపమొచ్చింది. ఆ కోపం ఎంతసేపుండాలో అంతసేపు తొక్కింది. తర్వాత కాళ్ళు వాటంతట అవే ఆగాయి. చిక్కుపడ్డ దారం కత్తిరించి, ఉండ చెత్తబుట్టలో వేసి, లోపలికి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. "నాకు చెప్పుండాల్సింది" అంది. అంతే అంది.

మాటల టీచరమ్మ ఇంటికే వచ్చింది మరుసటి వారం. నెలలు పట్టినా సరే, గొంతు లేకుండా మాట్లాడడం మెల్లగా నేర్పుతానంది. ఈలోగా ట్యాబ్‌లో సిద్ధంగా ఉన్న గొంతు వాడుకోమని పెట్టి వినిపించింది. రైలు ఎక్కడ ఆగుతుందో చెప్పే గొంతులా ఉంది. "నా-కు-నీళ్ళు-కావలెను." ఆయన ముఖం చిట్లించాడు.

"పోనీ ఎవరి గొంతైనా ఎక్కించుకోవచ్చు. తమ్ముడుగారిది పెడదామా?" అంది టీచరమ్మ.

"నాది పెడితే ఆగదు మేడమ్, నిండిపోతుంది" అన్నాడు తమ్ముడు.

ఆయన పలక తీసుకున్నాడు. రాసి భార్య వైపు తిప్పాడు. "నీది."

"నాదా? నా గొంతుతో నువ్వు మాట్లాడతావా? నలుగురూ నవ్వరూ?"

ఆయన పలక దించలేదు.

అలా ఆ మధ్యాహ్నం ఆయన రాయడం, ఆవిడ చదివి ట్యాబ్‌లోకి ఎక్కించడం. నీళ్ళు కావాలి. నొప్పిగా ఉంది. ఫ్యాను తగ్గించు. ఎవరే వచ్చింది. ఆవిడ గొంతు మొదట కీచుగా వచ్చింది, తర్వాత కుదురుకుంది. ఆయన తుడిచినప్పుడల్లా సుద్ద ఆయన మోకాళ్ళ మీద రాలింది. "మిషను ఆపి అన్నం తిను" అని రాశాడు. ఆవిడ చదివింది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "నా మీద విసుక్కోకు" అని రాశాడు. అది చదవడానికి కాస్త సమయం తీసుకుంది. అప్పుడే బయట ఎవరో తలుపు తట్టారు, పంట్లాము అయిందా అని. ఆవిడ సగం లేచి, పలక మీద ఉన్నది గబగబా చదివేసింది. "ఒకసారి ఇటు రా." అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ చేతిలో ఒక చిన్నపిల్ల చొక్కా ఉంది. భుజం దగ్గర కుట్టు తిప్పుతోంది. లోపలి గదిలోంచి ఒక ఆడగొంతు పిలిచింది.

"ఒకసారి ఇటు రా."

ఎవరిదో అనుకుంది ముందు. కాస్త కటువుగా, ధ్యాస ఎక్కడో ఉన్నట్టు ఉంది ఆ పిలుపు. ఇంట్లో ఎవరున్నారు అలా పిలవడానికి అనుకుంటూనే, తనదేనని తెలిసింది. మిషను ఆపి లోపలికి వెళ్ళింది. ఆయనకి ఏమీ అక్కర్లేదు. నీళ్ళు నిండుగా ఉన్నాయి, దుప్పటి సరిగ్గానే ఉంది. ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొంచెం మెత్తగా అనుండాల్సింది అనుకుంది ఆవిడ. ఇంక ఆయన పిలిచినప్పుడల్లా ఇలాగే పిలుస్తాడు, తను కంగారులో అన్నట్టుగానే.

"మళ్ళీ అననా? ఇది తీసేసి మంచిగా అంటాను" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నా, ఇంకోసారి నొక్కాడు.

"ఒకసారి ఇటు రా."

"వచ్చానుగా" అంది మిషనత్త, మంచం అంచున కూర్చుంటూ.